మరుగు చోట ఒక చుక్క

కోటు జేబు అడుగున సిరా అరచేయంత మేర పాకి ఉంది. మరకలాయన వెంటనే దాని జోలికి పోలేదు. కోటును బల్ల మీద వెల్లకిలా పరిచాడు, కిటికీ వెలుతురుకి తిప్పాడు, ముంజేతితో ముడతలు సర్దాడు. లేత గోధుమరంగు ఉన్ని, లోపల పల్చటి అస్తరు. కింది అంచు మడతను రెండు వేళ్లతో విప్పి, ఎవరి కంటా ఎప్పుడూ పడని చోట, దూది చుట్టిన పుల్లతో ఒకే ఒక్క చుక్క మందు పెట్టాడు. తర్వాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

వెనక ఆవిరి బుస్సుమంది. ఇస్త్రీ మేస్త్రి ఎవరిదో ప్యాంటును నొక్కిపెట్టి తల తిప్పి చూశాడు.

"ఏంటి గురూ, కోటుతో మంతనాలా? ఏమంటోంది?"

"ఆలోచించుకుని చెబుతానంటోంది."

"అది ఆలోచించుకునేలోపు కోటు గలాయన వచ్చి మన ప్రాణం తీస్తాడు."

ముందు గదిలో రసీదులు రాస్తున్న ఓనరమ్మ ఆ మాట అందుకుంది. ఆమెకు వీళ్లిద్దరి కూతురంత వయసు. ఈ లాండ్రీ దుకాణం తండ్రి నుంచి వచ్చింది. తండ్రి నాటి పనివాళ్లు కూడా దుకాణంతోపాటే వచ్చారు.

"బాబాయ్ గారూ, సాయంత్రానికి ఇస్తామని మాటిచ్చాను. మీరలా దాని మొహం చూస్తూ నిలబడితే ఎలా?"

"అయిపోతుందమ్మా. తొందరపడితే మరకా పోతుంది, కోటూ పోతుంది."

ఆమె నవ్వి ఊరుకుంది. ఆ జవాబు ఆమె చిన్నప్పుడు ఇదే గదిలో బల్ల కింద ఆడుకునే రోజుల నుంచీ వింటూనే ఉంది.

అతనికి ఒక పేరుందన్న సంగతి దుకాణంలో అందరూ ఎప్పుడో మర్చిపోయారు. మరకలాయన అంటే మరకలాయనే. అరవై దాటిన సన్నటి మనిషి. చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా మడిచి ఉంటాయి. వేళ్ల కొసలు మందుల్లో నాని నాని, గీతలు చెరిగిపోయి గాజుగోళీల్లా నున్నబడ్డాయి. చొక్కా కాలరు చూస్తే మనిషి ఎంత చెమటోడుస్తాడో అతనికి తెలిసిపోతుంది. దిండు గలీబు చూస్తే ఎవరు రాత్రుళ్లు ఏడుస్తున్నారో తెలిసిపోతుంది. తెలిసినా నోరు విప్పడు. మరక తీసి, మడత పెట్టి, ముందు గదికి పంపిస్తాడు.

ఈ పని నేర్పిన పెద్దమేస్త్రి అతనికి ఇచ్చింది ఒక్కటే సూత్రం. ఏ మందైనా ముందు మరుగు చోట చూడు. బట్ట ఒప్పుకుంటేనే పైకి రా. ఎంత తెలిసిన బట్టయినా సరే, నిన్న చూసినదే అయినా సరే. మరకలాయన ఇన్నేళ్లలో ఆ సూత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. రాజుగారి శాలువా తెచ్చి ముందు పెట్టినా అంచు మడత విప్పకుండా చుక్క వెయ్యడని ఇస్త్రీ మేస్త్రి కొత్తగా చేరినవాళ్లకి చెబుతుంటాడు.

చుక్క ఆరేలోపు చేతులు ఖాళీగా ఎందుకని అతను ఇంటి నుంచి తెచ్చిన సంచీ తీశాడు. వారానికోసారి ఇంటి బట్టలు తెచ్చి, దుకాణం బట్టలయ్యాక చిన్న మిషన్లో వేసుకోవడానికి ఓనరమ్మ తండ్రి కాలం నుంచీ ఒప్పుకోలు ఉంది. తన చొక్కాలు, రెండు దుప్పట్లు, తువ్వాళ్లు. వాటి మధ్య నుంచి అక్క మేజోడు ఒకటి, పొడుగ్గా, బిర్రబిగిసిన చేపలా బయటికి పొడుచుకొచ్చింది.

అక్క తన మేజోళ్లు అతని చేతికి ఎప్పుడూ ఇవ్వదు. "కాలివి నువ్వెందుకు ఉతకడం, నేనే జాడించుకుంటాలే" అంటుంది. ఇవాళ పొద్దున ఆమె ఇంకా లేవలేదు. స్నానాల గది తలుపు వెనక ఉన్న కుప్పంతా ఒక్క ఊపున సంచీలో కుక్కుకుని వచ్చేశాడు. అందులో పడి ఇవీ వచ్చాయి.

మేజోడును వంచితే పటపటమంది. మోకాటి కిందినుంచి చీలమండ దాకా తెల్లటి చారలు, ఒకదాని మీద ఒకటి, చెరువు ఎండిపోతున్నప్పుడు గట్టున మిగిలే గీతల్లా. వేలు తడి చేసి ఒక చార మీద అద్ది నాలుకకి తాకించాడు. ఉప్పు. చేదు కలిసిన ఉప్పు. చెమట ఉప్పు ఇంత గట్టిగా కట్టదు. మేజోడును లోపలి వైపుకి తిప్పి కిటికీకి అడ్డంగా పట్టుకున్నాడు.

గోధుమరంగు చుక్కలు. సన్నటివి, వరసల్లో. కొన్ని పాతబడి నల్లబారాయి, కొన్ని నిన్నటివి. గోళ్లతో గీరితే ఇలా వరసగా రావు. వెడల్పాటి అంచున్న దేనితోనో గోకితే వస్తాయి. లోపలి వైపు తప్ప పైకి ఒక్కటీ తేలలేదు.

నెత్తురు మరక అతనికి కొత్త కాదు. ఆ మేజోడును కిందపెట్టి, రెండోది తీశాడు. అదీ అంతే.

*

అక్క షూల దుకాణంలో పనిచేసింది. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరి, తెల్లబడ్డాక బయటికొచ్చింది. ఉన్నన్నాళ్లూ రోజంతా నిలబడటం, లేకపోతే కొనేవాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని వాళ్ల కాళ్లు చేతుల్లోకి తీసుకోవడం. కాలు చూసి సైజు చెప్పేది. పెళ్లి మాటలు ఒకటి రెండుసార్లు వచ్చి దాటిపోయాయి. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఇంకా ఊహ తెలియదు. వాణ్ణి ఒక దారికి తెచ్చేసరికి ఆ మాటలు రావడం కూడా మానేశాయి. తమ్ముడికి పెళ్లయింది, ఆ భార్య తొందరగానే జబ్బుచేసి పోయింది, మళ్లీ ఇద్దరే మిగిలారు. పని మానేసిన రోజున దుకాణం వాళ్లు ఆమెకు బూట్లు తొడిగే పొడవాటి స్టీలు బద్ద ఒకటి ఇచ్చారు. వంగకుండా తొడుక్కునేది. అక్క దాన్ని ఎప్పుడూ కుర్చీ పక్కన గోడకి ఆనించి ఉంచుతుంది. మురిపెంగా దాచుకుందని అతను అనుకున్నాడు.

ఇంటిపట్టున ఉండటం మొదలయ్యాక ఆమెకు పిక్కలు పట్టెయ్యడం ఎక్కువైంది. కూర్చున్నచోటే ఉన్నట్టుండి పళ్లు బిగబట్టి, కాలు రెండు చేతులతో పట్టుకునేది. ఇస్త్రీ మేస్త్రి అప్పుడు చెప్పాడు, తన భుజాలకి మెగ్నీషియం నూనె రాసుకుంటాననీ, హాయిగా ఉంటుందనీ. "కొంచెం చురుక్కుమంటుంది గురూ, అంతే."

మరకలాయన ఆ సాయంత్రమే తెచ్చాడు. చిన్న స్ప్రే సీసా. చేత్తో తాకితే జిడ్డుగా, నూనెలాగే ఉంది. తెచ్చినవాడు తెచ్చినట్టు ఊరుకోలేదు. తన పనితనమంతా దాని మీద పెట్టాడు. ఆవిరి పడితే బట్ట పోగులు విచ్చుకుంటాయి, మందు లోపలికి దిగుతుంది. అది అతనికి తెలిసిన విద్య. అందుకని వేడినీళ్లలో తువ్వాలు ముంచి పిండి, అక్క పిక్కలకి చుట్టాడు. చర్మం ఎర్రగా కందాక తువ్వాలు విప్పి, ఆ వేడి మీదే నూనె చిమ్మాడు. చిమ్మి, రుద్ది, పొద్దున దాకా నాననివ్వమన్నాడు. నానితేనే కదా ఏదైనా వదిలేది.

"మండుతోందిరా" అంది అక్క.

"మండితేనే పట్టినట్టు."

కొన్నాళ్లకి ఒక సాయంత్రం అతను తువ్వాలు తెస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇవాళొద్దురా. ఎర్రగా దద్దుర్లలా లేస్తున్నాయి. దురద ఆగట్లేదు."

అతను ఆ రోజు పనిలో అలిసిపోయి ఉన్నాడు. అలుపు ఒక సాకు అని అతనికి అప్పుడూ తెలుసు. "నీకన్నీ సున్నితమే అక్కా. నీ కోసమే కదా నేను ఊరంతా తిరిగి తెచ్చింది? చిన్నపిల్లలా ఏంటీ పేచీ?"

అక్క చెయ్యి తీసేసింది. "సరే, రాయి" అంది.

ఆ మర్నాడు "ఇకనుంచి నేనే రాసుకుంటాలేరా, నువ్వు అలిసి వస్తావు" అంది. అతనికి బరువు దిగినట్టయింది. ఆమె మోకాళ్ల దాకా మేజోళ్లు వేసుకోవడం మొదలుపెట్టిందీ అప్పుడే. చలి అనుకున్నాడు. సీసాలో నూనె వారం వారం తగ్గుతూ వచ్చింది. రెండో సీసా తెచ్చాడు, మూడోది తెచ్చాడు. పొద్దున్నే లేచి "తగ్గిందా అక్కా?" అని అడిగేవాడు. "కొంచెం నయమేరా" అనేది. దుకాణంలో ఇస్త్రీ మేస్త్రితో గొప్పగా చెప్పుకున్నాడు కూడా, మా అక్కకి బాగా పట్టిందని.

ఇక్కడ బల్ల మీద, కోటు అంచు మడతలో చుక్క ఆరింది. రంగు చెదరలేదు, ఉన్ని ముడుచుకోలేదు. కోటు ఒప్పుకుంది. మరకలాయన దాని వైపు చూస్తూ చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఏమంటోంది గురూ?" అన్నాడు ఇస్త్రీ మేస్త్రి.

మరకలాయన జేబు మీద మందు వేసి, మళ్లీ మేజోడు అందుకున్నాడు.

*

మధ్యాహ్నం భోజనానికి వెళ్లే దారిలో మందుల షాపు ఉంది. కౌంటర్లో ఉండే అమ్మాయి కొత్తది, కళ్లజోడు ముక్కు కొసకి జారి ఉంటుంది. అతను మేజోడును కాగితంలో చుట్టి తీసుకెళ్లాడు. బల్ల మీద విప్పి చూపించడానికి మొహమాటపడ్డాడు, అయినా విప్పాడు.

"ఇది నూనె కాదు అంకుల్" అంది ఆ అమ్మాయి అంతా విని. "పేరే నూనె. చిక్కటి ఉప్పునీళ్లు. చేతికి జిడ్డుగా తగులుతుంది కాబట్టి అలా అంటారు. వేడి తువ్వాలు చుట్టి దాని మీద రాశారా?"

"అవునమ్మా."

"నీళ్లేమైనా కలిపారా?"

"లేదు."

"రాసి ఎంతసేపు ఉంచారు?"

"పొద్దున దాకా."

ఆ అమ్మాయి కళ్లజోడు పైకి తోసుకుంది. కోప్పడుతుందేమో అనుకున్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె మెల్లగా అడిగింది. "ముందు మోచేతి లోపల ఎక్కడైనా ఒక చుక్క పెట్టి చూశారా అంకుల్? పడుతుందో లేదో?"

మరకలాయన కౌంటరు అద్దం కింద వరసగా పేర్చిన పట్టీల వైపు చూశాడు. ఆ ప్రశ్న అతను దుకాణంలో చేరిన ప్రతివాణ్ణీ అడిగేది. చూశావా ముందు? మరుగు చోట చూశావా?

"లేదమ్మా" అన్నాడు.

ఆమె చెప్పింది, అతను విన్నాడు. పుండు పడ్డ చర్మం మీద ఇక ఒక్క చుక్క కూడా వెయ్యకూడదు. మానేదాకా వాసన లేని ఈ క్రీము ఒక్కటే. మానకపోయినా, చీము పట్టినా డాక్టరుకి చూపించాలి. అంతగా కావాలంటే అరికాళ్లకి రాయచ్చు, అక్కడ చర్మం మందం. అదీ సగానికి సగం నీళ్లు కలిపి, పావుగంట ఉంచి, తుడిచి కడిగెయ్యాలి. వేడినీళ్ల స్నానం చేసిన వెంటనే వద్దు. అన్నిటికన్నా ముందు చేతి మీద చుక్క.

"రాస్తే పిక్కలు పట్టెయ్యడం తగ్గుతుందా అసలు?"

"కొంతమంది తగ్గిందంటారు. నేను గట్టిగా చెప్పలేను అంకుల్. ఎందుకు పట్టేస్తున్నాయో డాక్టరుకి చూపించారా?"

"నిలబడి చేసిన ఉద్యోగమమ్మా మా అక్కది."

"అయినా ఒకసారి చూపించండి."

"చూపిస్తాను" అన్నాడు. ఈ వారంలోనే తీసుకెళ్లాలని అక్కడే నిశ్చయించుకున్నాడు కూడా.

*

రెండు గదుల ఇల్లు, వీధిమట్టానికి ఒక మెట్టు పైన. ముందుగది కిటికీ దగ్గర అక్క కుర్చీ. కిటికీ ఎంత పొట్టిగా, నేలకి దగ్గరగా ఉందంటే, అక్కడ కూర్చుంటే వీధిలో పోయేవాళ్ల నడుము కింది భాగమే కనబడుతుంది. అక్కకి అదే కాలక్షేపం.

"వచ్చావా? ఇందాక ఎదురింటాయన వెళ్లాడు చూడు, ఒక సైజు చిన్నది వేసుకుని తిరుగుతున్నాడు. మనిషి ఎప్పుడూ చిరచిరలాడేది అందుకే. నువ్వు చెబితే వినడు, వాళ్లావిడ చెప్పాలి."

అతను ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"మేజోళ్లు తియ్యి అక్కా."

"ఏంటీ వేళప్పుడు? అన్నం తిను ముందు."

"తియ్యి."

ఆమె కాళ్లు కుర్చీ కిందకి లాక్కుంది. అతను సంచీలోంచి పొద్దుటి మేజోడు తీసి నేల మీద పెట్టాడు. దాన్ని చూసి ఆమె మెల్లగా వంగబోయి, వంగలేక, కాలు ముందుకి చాపింది. అతనే మేజోడు కిందికి జార్చాడు.

పిక్కల మీద చర్మం ఎర్రగా, గరుకుగా, ఎండిన పూతరేకులా పొరలు లేచి ఉంది. అడ్డదిడ్డంగా చారలు. కొన్నిచోట్ల పక్కు కట్టింది, కొన్నిచోట్ల పక్కు లేచిపోయింది. గోడకి ఆనించి ఉన్న స్టీలు బద్ద వైపు అతని చూపు వెళ్లింది. దాని వంపు అంచు వెడల్పూ ఈ చారల వెడల్పూ ఒక్కటే.

"చెప్పచ్చు కదా అక్కా."

"చెప్పాను కదరా" అంది ఆమె.

నిష్ఠూరంగా అనలేదు. సైజు అడిగితే సైజు చెప్పినట్టు చెప్పింది. అతనికి తల ఎత్తడం కష్టమైంది.

"మరి ఎందుకు మానలేదు?"

"నువ్వు తెచ్చావు కదా. పొద్దున్నే లేచి తగ్గిందా అని అడుగుతావు. లేదంటే నీ మొహం చూడాలి. చిన్నప్పుడు లెక్క తప్పొస్తే పెట్టేవాడివి చూడు, ఆ మొహం." నవ్వింది. "అయినా పనిచెయ్యలేదని ఎలా అంటాం? ఆ మంట ముందు నొప్పి గుర్తే ఉండేది కాదు."

అతనికి నవ్వు రాలేదు. లేచి వంటగదిలోకి వెళ్లి, కాచి చల్లార్చిన నీళ్లు, నూనె సమంగా కొలిచి, మందుల షాపులో కొన్న కొత్త స్ప్రే సీసాలో కలిపాడు. వచ్చి మళ్లీ కూర్చుని, ఆమె ఎడమచెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, మోచేతి మడత లోపల, చర్మం అన్నిటికన్నా పల్చగా ఉన్నచోట, దూదిపుల్లతో ఒక చుక్క అద్దాడు. పావుగంట ఆగి తడిగుడ్డతో తుడిచాడు. జేబులోంచి పెన్ను తీసి, చుక్క పెట్టిన చోటు చుట్టూ సున్నా చుట్టాడు.

"ఇదేంటిరా, నన్ను కూడా బట్టని చేసేశావు?"

"బట్టవైతే ముందే చూసేవాణ్ణి అక్కా."

ఆ మాట అతను అనాలని అనలేదు. అక్క విననట్టే కిటికీలోంచి ఎవరి బూట్లో చూసింది. కాసేపటికి అంది. "అరికాళ్లకి ఇప్పుడే కాస్త రాసెయ్యరా. పొద్దుటి నుంచీ ఒకటే పట్టేస్తున్నాయి. ఛాతీలో కూడా అదోలా బరువుగా ఉంది, నిద్ర లేక."

"లేదక్కా, సాయంత్రం దాకా చూద్దాం. చేతి మీద ఏమీ లేవకపోతే అప్పుడు రాస్తాను. ఇన్నాళ్లూ తొందరపడ్డది చాలు."

"పోనీ ఉత్త చేతులతోనైనా కాసేపు పట్టు."

అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. పొద్దుటి మందు వాసన ఇంకా కొడుతోంది. ఈ చేతులతో ఆ కాళ్లు ముట్టుకోవడానికి భయం వేసింది. కోటు గుర్తొచ్చింది. జేబు మీద మందు వేసి వచ్చాడు, ఎక్కువసేపు ఉంచితే అస్తరు పాడవుతుంది.

"సాయంత్రం శుభ్రంగా కడుక్కుని వచ్చి తీరిగ్గా పడతాను. పిక్కలకి ఈ క్రీము రాసుకో. వారంలో డాక్టరు దగ్గరికి వెళ్దాం. కాళ్లూ చూపిద్దాం, ఆ బరువు సంగతీ అడుగుదాం."

"సరేలే. పో, కోటు గలవాడు గోల పెడతాడు."

అతను మేజోడు మళ్లీ సంచీలో వేసుకుని, మెట్టు దిగి వీధిలోకి రాగానే కిటికీలోంచి పిలిచింది. "ఒరే! నీ ఎడమ బూటు మడమ లోపలి వైపు అరిగింది చూడు. కాలు ఈడుస్తున్నావు నువ్వు. సాయంత్రం తీసి నాకియ్యి, చూస్తాను."

"అలాగే" అని అతను వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపాడు.

*

సిరా లొంగింది. దూది మారుస్తూ, అద్దుతూ, ఎక్కడా రుద్దకుండా, బయటి నుంచి లోపలికి తీసుకొచ్చాడు. నీలం లేతబడి, బూడిదరంగై, చివరికి ఉన్ని రంగే మిగిలింది. ఓనరమ్మ కోటును వెలుతురుకి పట్టి చూసి "మీ చేతుల్లో ఏదో ఉంది బాబాయ్ గారూ" అంది. మామూలుగా అయితే ఆ మాటకి అతని చెవులు ఎర్రబడేవి.

చిన్న మిషన్ ఖాళీగా ఉన్నా అక్క మేజోళ్లు అతను అందులో వెయ్యలేదు. ముందు నెత్తురుకి చన్నీళ్లు, తర్వాత ఉప్పుకి గోరువెచ్చటి నీళ్లలో కాస్త వెనిగర్. చేత్తో పిసికి, నాలుగు నీళ్లు మార్చి, చారలన్నీ పోయి నూలు మెత్తబడేదాకా జాడించాడు.

"నువ్వెలా రాసుకుంటావు ఆ నూనె?" అని అడిగాడు తల తిప్పకుండా.

ఇస్త్రీ మేస్త్రి ఆవిరి ఆపాడు. "నీళ్లు కలిపే. మా ఆవిడ కలిపి పెడుతుంది. కాసేపు ఉంచి తుడిచేస్తా. నీకు చెప్పలేదూ?"

"లేదు."

"నువ్వడగలేదు గురూ." అని, మరకలాయన మొహం చూసి గొంతు తగ్గించాడు. "అక్కయ్యకేమైనా..."

"ఏం లేదు. సర్దుకుంటుంది. ఇవాళ్టి నుంచి నేనే దగ్గరుండి చూసుకుంటా."

మేజోళ్లను ఆవిరి గొట్టం పక్కన ఆరేశాడు. ఆరాక ఒకదానిలో ఒకటి దోపి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు, వెచ్చగా ఉన్నాయి. దుకాణం మూసే ముందు సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. వాసన చూసుకుని మళ్లీ కడుక్కున్నాడు. "ఏంటి, పెళ్లిచూపులా?" అన్నాడు ఇస్త్రీ మేస్త్రి. మరకలాయన ఆ రోజులో మొదటిసారి నవ్వాడు.

*

ఇంటికొచ్చేసరికి ఎండ కిటికీ దాటి గోడ మీదకి ఎక్కింది. అక్క కుర్చీలోనే ఉంది. తల ఒక పక్కకి ఒరిగి ఉంది. పాపం ఎన్నాళ్లకి కునుకు పట్టిందో అనుకున్నాడు. అరిగిన బూట్లు చప్పుడు కాకుండా గుమ్మం దగ్గరే విప్పి, మునివేళ్ల మీద నడిచి వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. క్రీము ట్యూబు మూత తీసి ఉంది. ఒక పిక్కకి రాసుకుంది, రెండోదానికి ఇంకా రాసుకోలేదు.

లేపకుండానే చూద్దామని ఆమె ఎడమచెయ్యి మెల్లగా తిప్పి, మోచేతి మడతను వెలుతురుకి పట్టాడు. నీలం సున్నా చెక్కుచెదరలేదు. లోపల చర్మం, చుట్టూ ఉన్న చర్మం ఎలా ఉందో అలాగే ఉంది. ఎర్రబడలేదు. ఒక్క పొక్కు లేదు.

"అక్కా, పడిందే నీకు" అన్నాడు. గొంతులో సంతోషం ఆగలేదు.

ఆ తర్వాతే అతని వేళ్లకి తెలిసింది, ఆ చెయ్యి చల్లగా ఉందని.

పక్కవీధి డాక్టరు వచ్చాడు. గుండె, అన్నాడు. మధ్యాహ్నమే, నిద్రలోనే పోయినట్టుందన్నాడు. పిక్కలకి రాసిన నూనె గురించి మరకలాయన అడిగాడు, మళ్లీ అడిగాడు. "దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదండీ" అని డాక్టరు రెండుసార్లూ ఓపికగా చెప్పాడు. ఛాతీలో బరువుగా ఉందని అన్న సంగతి మాత్రం మరకలాయన నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మేడమీద కాపురముండే పిన్నిగారు నలుగురికీ కబురు చెప్పడానికి బయటికెళ్లింది. ఇల్లు కాసేపు అతనిదీ అక్కదే అయింది.

అతను నేల మీద మోకాళ్లు మడిచి కూర్చున్నాడు. అక్క అంతకాలమూ ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు కూర్చున్నట్టు. ఆమె పాదాలు రెండూ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. ఏ వాసనా లేదు. అరికాళ్లు బొటనవేళ్లతో నొక్కుతూ, మడమ నుంచి వేళ్ల దాకా, వేళ్ల నుంచి మడమ దాకా, పట్టాడు. తీరిగ్గానే పట్టాడు. రెండో పిక్కకి క్రీము రాశాడు. జేబులోంచి మేజోళ్లు తీసి, నెమ్మదిగా, ఎక్కడా ఒరుసుకోకుండా, మోకాళ్ల దాకా తొడిగాడు. మోచేతి దగ్గరి సిరా మాత్రం అలాగే ఉండనిచ్చాడు.

అరిగిన బూటు ఆ సాయంత్రం ఎవరూ చూడలేదు.

మర్నాడు అంతా అయ్యాక, పిన్నిగారు ఇల్లు ఊడ్చి, కుర్చీ తుడిచి, స్టీలు బద్ద అందుకోబోయింది. "అది ఉండనివ్వండి" అన్నాడు మరకలాయన. ఆమె తడిగుడ్డతో అలాగే లోపలికి వెళ్లిపోయింది.

బద్ద కిటికీ పక్కన గోడకి ఆనుకుని ఉంది. దాని వంపు అంచు వెంట, ఎండ తగిలినప్పుడు మాత్రమే కనబడేంత సన్నగా, తెల్లటి ఉప్పు గీత.